చేపల కొట్టు మీది ఆఫీసు

తల్లి లాండ్రీలో చొక్కాలకు నంబర్లు గుచ్చుతూ
లా చదివింది నమ్‌గుంగ్ హేరాన్.
ఇప్పటికీ కాగితం చేతికిస్తే
కాలరు వెతికినట్టు పై అంచు తడుముతుంది.

న్యూ మాల్డెన్ హై స్ట్రీట్‌లో
చేపల కొట్టు మీద ఆమె ఆఫీసు.
ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసులన్నిటికీ
నీచువాసన.
పదకొండేళ్లు ఆ ఫైళ్లు మోశాను.
ఫీజుకి బదులు కిమ్చీ సీసా పెట్టిపోయేవాళ్లు,
గుంటూరు జిల్లావాణ్ణి,
కారమని నన్ను భయపెట్టేవాళ్లు!

మొదటిసారి పంతొమ్మిది ఓట్లతో ఓడింది.
"అప్పీలు లేని కోర్టు" అని నవ్వి
తన పోస్టర్లు తనే పీక్కుంది, వానలో.

రెండోసారి గెలిచింది.

నిన్న కౌన్సిల్‌లో
ముసలివాళ్ల మధ్యాహ్న భోజనం ఎత్తేసే తీర్మానం.
చెయ్యెత్తింది. అనుకూలంగా.
బయట మెట్ల మీద పాత క్లయింటు, మిసెస్ టాప్లీ,
"నా ఇల్లు నిలబెట్టావు కదమ్మా"
అంది. అంతే.

రాత్రి ఆఫీసులో లైటు వెయ్యనివ్వలేదు.
"ప్లీడరుకి ఒక్క మనిషి చాలు.
ఆ ఒక్కరి పక్కన నిలబడి
ఇంటికెళ్లి పడుకోవచ్చు."

కింద కొట్టువాడు ఐసు పారబోస్తున్నాడు.
వీధిలైటు వెలుగులో
రేపటి అర్జీలకు
నంబర్లు వేస్తూ కూర్చున్నాను.