ఉత్తుత్తి గేలం

ఆ మెయిల్ రాసింది నేనే.
ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మాట మార్చకుండా.

మధురవాడ కొండవాలు మీద మా కాలేజీ,
మూడో అంతస్తులో సర్వర్ గది,
పద్దెనిమిది డిగ్రీల చలిలో నేను.
విశాఖలో మే నెల్లో కూడా స్వెట్టర్ తొడిగే మనిషిని చూశామని
కేంటీన్ అప్పలకొండ అందరికీ చెబుతాడు.

డిసెంబర్లో మా మెకానికల్ లెక్చరర్ పాస్‌వర్డ్ ఎవడో లాగేశాడు.
తెల్లారేసరికి ఆయన పేరు మీద నాలుగువేల ఉత్తరాలు,
అర్జెంటుగా డబ్బు సర్దమని.
"పిల్లలెంత జాగ్రత్తగా ఉన్నారో
ఓ పరీక్ష పెట్టండి వాసుపల్లి గారూ" అన్నారు ప్రిన్సిపాల్.
పెట్టాను.

కాలేజీ చిరునామాలో ఒక ఎల్ తీసేసి
దాని చోట ఒకటి అంకె నిలబెట్టాను.
కవలల్లా ఉన్నాయి. పెట్టిన నాకే తేడా తెలీలేదు.
మరి లోపల ఏం రాయాలి?
లాటరీ అంటే నవ్వుతారు.
మెయిల్ పెట్టె నిండిపోయిందంటే ఎవడూ కదలడు.
పెదజాలరిపేటలో మా నాన్న మసేను
కోడీకకు వెండికాగితం చుడుతూ అనేవాడు:
"చేప తెలివితక్కువది కాదురా.
ఏ నెల్లో దేనికి ఆకలేస్తాదో, అది నీకు తెలియాల."

నాకు తెలుసు. అది ఫిబ్రవరి.
ఫీజు కట్టనివాళ్ళకి హాల్‌టికెట్ లేదని
నోటీసు బోర్డు మీద అప్పటికే ఉంది.
"మీ స్కాలర్‌షిప్ మంజూరైంది.
ఈ రాత్రిలోగా లాగిన్ అయి వివరాలు ధ్రువీకరించండి."
ఒకసారి చదువుకుని, కామా సరిచేసి,
ఆరుంబావుకి వదిలాను.

తొమ్మిదికల్లా రెండువందల పన్నెండు మంది.
తెర మీద ఒక్కో పేరూ తేలుతుంటే
అబద్ధమెందుకు,
మొదటి యాభై దాకా నాకు సంబరంగానే ఉంది.

పొద్దున్నే తలుపు దగ్గర ఒకమ్మాయి.
పాంగి జమున, రెండో సంవత్సరం.
"సార్, డబ్బులు ఏ తారీఖున పడతాయి?"

ముంచింగిపుట్టుకి అవతల ఊరట.
రాత్రి వాళ్ళమ్మ సిగ్నల్ అందే బండ ఎక్కి ఈ కబురు వింది.
ఇంకా తవ్వని పసుపుకి
అయినకాడికి ఒప్పుకోబోతున్నదల్లా
షావుకారుని తిప్పి పంపేసింది.

"అది నేనే పంపానమ్మా,
మీరు జాగ్రత్తపడాలని."

ఏడవలేదు.
నా స్వెట్టర్ గుండీల వైపు చూస్తూ
"మీరా సార్. బాగా రాసారు" అని
మెట్లు దిగిపోయింది.

ఆ వారం గోడలకి కాగితాలు అంటించాను.
పాస్‌వర్డ్ అడిగితే, అడిగింది నేనైనా సరే, ఇవ్వొద్దు.
ఫోన్‌కొచ్చే ఆరంకెలు ఎవరికీ చదివి వినిపించొద్దు.
చిరునామా అక్షరం అక్షరం చూడండి.
తొందరపెట్టేవాణ్ణి నమ్మొద్దు.
దాని కింద
ఆశ పెట్టేవాణ్ణి నమ్మొద్దు, అని రాయబోయి
పెన్ను మూసేశాను.

మార్చి ఆఖర్లో అసలుది వచ్చింది.
ఎర్రక్షరాలు, నాలుగు 'వెంటనే'లు,
మంజూరులో జకి కొమ్ము లేదు.
నా అబద్ధమే దీనికంటే శుభ్రంగా ఉంది.
జమున దాన్ని తెరవకుండా నాకు పంపింది:
"అనుమానంగా ఉంది సార్."

మూడుసార్లు తనిఖీ చేశాను.
ఎక్కణ్ణుంచి బయల్దేరిందో, ఏ దారిన వచ్చిందో.
స్వెట్టర్ విప్పేసి ల్యాబ్‌కి దిగాను.
"ఇది నిజమేనమ్మా."
"అప్పుడూ మీరే కదా సార్."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.
తెర మీద వేలు పెట్టి చదివింది.
"జీ. ఇది ఓ నా, సున్నానా?"
"ఓ."
"వీ."
అయినా నొక్కలేదు.
మెయిల్‌లో ఉన్న నంబరు వదిలేసి
పాత హాస్టల్ కార్డు వెనక
పెన్సిల్‌తో రాసుకున్న ఆఫీసు నంబరు తీసింది.

అవతల ఫోన్ మోగుతోంది.
ఇద్దరం వింటున్నాం.