కొమ్ము లేని జీను

ప్రైన్‌విల్‌లో అక్టోబరు.
కంచె తీగ మీద మంచు ఇంకా కరగలేదు.
టక్కర్ మెడ తిప్పి వెనక్కి చూశాడు,
వీపు మీద బరువేదీ, అని.

పదిహేనేళ్ళుగా వాడు మోసింది
మంచమంత జీను.
ముందు కొమ్ము, వెనక గోడ, పక్కల తోలు రెక్కలు,
కొమ్ముకి చుట్టిన తాడు,
తాడు చివర ఎప్పుడూ ఎవరిదో ఒక దూడ.
ఇదేమో అప్పడమంత.
గ్యారేజీ సేల్‌లో నలభై డాలర్లు,
చనిపోయిన ఒక బడిపంతులమ్మది.
రికాబు పట్టీకి తొమ్మిదో రంధ్రం దగ్గర
బాల్‌పెన్నుతో ఆవిడ సున్నా చుట్టుకుంది.
నాకూ తొమ్మిదే సరిపోయింది.

ఇలాంటి జీనెక్కి ఇరవై ఆరేళ్ళు.
సికింద్రాబాదులో దఫేదారు మొయినుద్దీన్ గారు
మోకాలికీ జీనుకీ మధ్య రూపాయి బిళ్ళ పెట్టేవారు.
రాలితే ఆ పూట అందరి చాయ్ నా ఖాతా.
నా స్టైపెండంతా ఇరానీ హోటల్‌కే పోయింది.
"కాళ్ళతో అడుగు బేటీ, చేతుల్తో విను."

టక్కర్‌కి ఆ మాట ఎవరు చెప్పారు?
కాలు ఆనించానో లేదో దౌడు అందుకున్నాడు.
పగ్గం కొంచెం బిగించి పలకరిస్తే
నోట్లో ఈగ దూరినట్టు తల విదిల్చాడు.
వాడెరిగిన పగ్గం వదులుగా వేలాడుతుంది,
మెడకి ఈ పక్క తగిలితే ఆ పక్కకి తిరగడం,
అంతే. నోటి జోలికి ఎవరూ రారు.

ట్రాట్‌లో లేచాను, కూచున్నాను.
కూచోగానే ఆగిపోయాడు.
కూచున్నారంటే ఆగమనేగా!
లేస్తే కదిలాడు. కూచుంటే ఆగాడు.
మైదానం ఒక చుట్టు పూర్తయ్యేసరికి
ఇద్దరం కలిసి గుంజీలు తీసినట్టయింది.

కంచె మీద మోచేతులాన్చిన వెర్లిన్ నవ్వలేదు.
టక్కర్‌ని పెంచిందీ నాకమ్మిందీ ఆయనే.
థర్మాస్ మూత తిప్పుతూ అన్నాడు,
"వాడికి ఇంగ్లీషు రాదు."
ఈ ఊరికొచ్చిన కొత్తల్లో, దాణా కొట్లో
నేను మూడుసార్లు ఓట్స్ అడిగాక
అచ్చం ఇదే మాట నా గురించి అన్నదీ ఆయనే.
నవ్వాగలేదు నాకు.
నవ్వితే నడుం వదులైంది,
కింద టక్కర్ కూడా బుస్సుమని ఊపిరి వదిలాడు.

అప్పుడే సేజ్ పొదలోంచి పిట్టల గుంపు లేచింది.
వాడు పక్కకి దూకాడు.
నా కుడిచెయ్యి వెళ్ళి, లేని కొమ్ముని పట్టుకుంది.
గాలి. తర్వాత గుప్పెడు జూలు.
పడేస్తే పడేసేవాడే.
నాలుగు కాళ్ళూ నేలలో పాతి నిలబడ్డాడు,
నేను మళ్ళీ మధ్యకి జరిగేదాకా.

ఇక బేరం మొదలుపెట్టాను.
ముందు వాడి పద్ధతిలో మెడకి పగ్గం తాకించి
వెంటనే నా పద్ధతిలో ఒక్క వేలు ముడవడం.
రెండు మాటలకీ ఒకే మలుపు.
ఆరో చుట్టులోనో ఏడో చుట్టులోనో
కూచున్నా ఆగలేదు!
ఒక చెవి ముందుకి, ఒక చెవి నా వైపు.
పదకొండు అడుగులు. లెక్కపెట్టాను.
పన్నెండో అడుగుకి పాత అలవాటు గుర్తొచ్చి
బిగుసుకుని ఆగాడు,
నేను వాడి మెడ మీద పడ్డాను.

జీను ఒక్క చేత్తో దిగింది.
భుజాల వెనక, పాత జీను ఒరిసి
ఎప్పుడో తెల్లబడ్డ రెండు మచ్చలు.
వాటి మధ్యన అరిటాకు ముక్కంత చెమట,
ఇవాళ్టిది, ఆవిరి లేస్తూ.
బ్రష్ అక్కడికొచ్చి కాసేపు ఆగింది.

వెర్లిన్ థర్మాస్ మూతలో కాఫీ పోసి ఇచ్చాడు.
లెక్క ప్రకారం పొయ్యాల్సింది నేను.
పొద్దుట్నించీ ఎన్ని బిళ్ళలు రాలుండేవో
మొయినుద్దీన్ గారికి తెలిస్తే
వెర్లిన్‌కి, టక్కర్‌కి, కంచెకి కూడా
చాయ్ నా ఖాతాలోనే రాసేవారు.