చక్రాల పట్టాలు

ఒడెస్సా దగ్గరి పొలాల నుంచి పుచ్చగింజల్ని
లంగా అంచులో కుట్టుకొచ్చింది ఓటీలియా ముత్తవ్వ.
ఇక్కడ కాయలు పిడికెడంతే అయ్యాయి,
డకోటా మంచు తొందరపడింది.

ఊరంటే అప్పుడు మూడు మట్టిగడ్డల ఇళ్ళు,
ఒక కమ్మరి.
శిలువ చెక్కడానికి చెట్టన్నది లేదు.
రోకుస్ బండిచక్రాల పట్టాలు విప్పి
కాల్చి, వంచి, కొసలకి ఇనప పూలు అతికాడు.
మొదటిది తన బిడ్డకే. పేరింకా పెట్టలేదు,
నడిమి రేకు ఖాళీగానే వదిలాడు.

ఇప్పుడు బడి లేదు. రైలు ఆగదు.
ధాన్యపు గాదె మీద ఊరిపేరులో రెండక్షరాలు రాలాయి.
పందొమ్మిది మందిమి మిగిలాం,
జర్మన్‌లో కోళ్ళని మాత్రం తిడతాం.

గాలి లేచిన రాత్రి
శ్మశానంలో ఇనుము కిర్రుమంటుంది.
"బండి కడుతున్నారు" అంటాడు మా లాంబర్ట్.
లేచి,
తలుపు గడియ చూసొస్తాడు.