మూడేళ్ళకోసారి యోబు

లికోమా దీవిలో తెల్లారడమంటే
ముందు దోనెలు తిరిగిరావడం.
రాత్రంతా సరస్సు మీద వెలిగిన లాంతర్లు
ఒక్కొక్కటే ఇసకలో దిగి ఆరిపోయేవి.
ఆ తర్వాతే సూర్యుడు,
మొజాంబిక్ కొండల వెనకనించి, ఆవలిస్తూ.

ఆ రెంటికీ మధ్యనున్న కాస్త నల్లటి వేళ
మా అమ్మమ్మ ఫనేసిది.
"ఎనెలేసీ, పుస్తకం."
అంతే. లేవమని అనేది కాదు.
ఆమె కళ్ళకి పొర కమ్మి అప్పటికి చాలా ఏళ్ళు.
నేను చాప మీద మోకాళ్ళు ముడుచుకుని చదివేదాన్ని,
పొయ్యి మీద మొక్కజొన్న గంజి ఉడికేంత సేపు.
అధ్యాయం పెద్దదైతే గంజి అడుగంటేది.
ఆపితే ఒప్పుకునేది కాదు.
వంశావళులు చదివిన రోజుల్లో
మేం మాడు గంజే తిన్నాం.

రోజుకో అధ్యాయం.
దాటెయ్యడం లేదు, వెనక్కి తిప్పడం లేదు.
ఆ లెక్కన మా ఇంటికి
మూడేళ్ళకోసారి వచ్చేవాడు యోబు,
ఒళ్ళంతా పుళ్ళతో, చేతిలో చిల్లపెంకుతో.
నలభై పొద్దులు మాతో ఉండి
చివరి మాట చెప్పకుండానే వెళ్ళిపోయేవాడు.

ఎందుకంటే ఆఖరి ఆకు లేదు.

అది మా మేనమామ జకెయు చింపాడు.
పొగాకు చుట్టుకోడానికి బైబిలు కాగితమంత పల్చనిది
దీవి మొత్తం మీద దొరకదు.
"దేవుడి మాటని పొగబెడతావుట్రా!" అని
అమ్మమ్మ పొయ్యిలో కట్టె ఎత్తింది.
అతను నవ్వుతూ దోనె ఎక్కాడు.
ఆ రాత్రి మ్వేరా గాలి లేచింది.
తెల్లారి లాంతర్లు లెక్కపెడితే
ఒకటి తక్కువ.

చర్చి ఫాదరు ఒకసారి కొత్త బైబిలు తెచ్చిచ్చాడు.
తడిమి చూసింది, వాసన చూసింది.
"దీనికి పొగ అంటలేదు" అని
పక్కింటి కోడలికి ఇచ్చేసింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
మొదటిసారి ఆ చిరుగు దగ్గరికొచ్చి ఆగాను.
"ఇక లేదమ్మమ్మా."
"ఉంది, విను" అంది.
యోబుకి కొత్త వల దొరికిందనీ
దేవుడే తన చేత్తో దానికి బరువురాళ్ళు కట్టాడనీ చెప్పింది.
నమ్మాను. వల అంటే నాకు తెలుసు కదా.

పన్నెండేళ్ళప్పుడు అదే చిరుగు.
ఈసారి వల లేదు, దేవుడు మాట్లాడలేదు.
యోబు పొద్దున్నే లేచాడంది.
పొయ్యి రాజేశాడంది.
గిన్నెలు పరిచాడంది.
"ఎన్ని గిన్నెలు?" అన్నాను.
గంజి పొంగి నిప్పుల మీద చుయ్‌మంది.

తర్వాత ప్రార్థన.
ఊళ్ళో దోనెలన్నిటినీ పేరుపేరునా,
వాటిల్లో మనుషుల్ని, వాళ్ళ దగ్గుల్ని, అప్పుల్ని
ప్రభువుకి అప్పజెప్పేది.
అందరికన్నా చివర జకెయు.
ఆ పేరు తర్వాత వెంటనే ఆమెన్ అనేది కాదు.
కాస్త ఆగేది,
గుమ్మం బయట ఎవరో
కాళ్ళకంటిన ఇసక దులుపుకుంటుంటే
ఆగినట్టు.

ఇప్పుడు నేను అవతలి ఒడ్డున
ఆసుపత్రిలో నర్సుని.
నా బైబిల్లో అన్ని ఆకులూ ఉన్నాయి.
రాత్రి డ్యూటీ ఇంకా దిగలేదు.
మందుల గది మెట్టు మీద కూచుని
ఇవాళ యోబు ఆఖరి అధ్యాయం చదివాను.
గొర్రెలు రెట్టింపయ్యాయి, ఒంటెలు రెట్టింపయ్యాయి.
పిల్లలు మాత్రం పోయినంతమందే.
వేలు ఆ అంకె మీదే ఉండిపోయింది.

డెబ్బై ఏళ్ళు చర్చిలో మొదటి వరసలో కూచున్న మనిషి.
ఆమెకి తెలియక కాదు.

బయట సరస్సు మీద లాంతర్లు ఒడ్డుకొస్తున్నాయి.
లెక్కపెట్టను. అదొక్కటీ చెయ్యను.
కళ్ళు మూసుకుని పేర్లు మొదలుపెట్టాను,
మంచాల వరసలో, జ్వరాల వరసలో.
ఫనేసి.
జకెయు.

ఆగాను.
మూడో మంచం పసివాడు లేచినట్టున్నాడు,
వాడి తల్లి నన్ను పిలిచింది.
"వస్తున్నా" అన్నాను,
ఆమెన్ అనాల్సిన చోట.