నాలుగో ఇరుసు

జ్లీన్‌లో మంచు కురుస్తోంది.
గ్యారేజీలో నా వేళ్ళకంటే ముందు
గ్రీజు గడ్డకట్టింది.
బల్ల మీద రెండు బోర్డులు,
ఒకటి అరువు, ఒకటి పాతది.
మూడోది ఇంకా కొననిది,
కాగితం మీద బొమ్మే.

నేను ద్రహొమీరాని. పాదాలు కొలిచేదాన్ని.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో, ఆపైన ఇక్కడ,
బీచ్ చెక్కలోంచి కొయ్యపాదాలు తీస్తున్నాను,
బూటు కుట్టడానికి లోపల పెట్టేవి.
తోలు చెప్పిన మాట వింటుంది.
చెక్క వినదు.
ఇప్పుడు నా బొటనవేలి కీలూ వినడం లేదు,
ఉలి పట్టనంటోంది.

అందుకే ఈ ఇనుప పట్టాలు, పొడుగు మరలు,
నాలుగు మోటార్లు,
మూలపడ్డ అచ్చుయంత్రం నుంచి ఊడదీసిన ఇరుసు.
ఒళ్ళంతా ఉంది.
తలకాయ ఒక్కటే కుదరలేదు.

మొదటి బోర్డు అగ్గిపెట్టెంత.
ధర రెండు పూటల భోజనం.
మూడు ఇరుసులే నడుపుతుంది.
"అడ్డం, నిలువు, లోతు. ఇంకేం కావాలి?" అన్నాడు
పలకలు కోసి గోడగడియారాలు అమ్మే వీత్.
పలకకు చాలు.
పాదం మడమ నుంచి వేళ్ళ దాకా తిరుగుతూనే పోతుంది,
తిప్పితే తప్ప తన వంపు చూపించదు.

రెండోది పాత కంప్యూటరు,
వీపున ఇరవై ఐదు రంధ్రాలు.
బాగానే నడిచేది.
కానీ పని మధ్యలో దానికి ఏదో గుర్తొస్తుంది,
గడియారం సరిచూసుకోవాలనో,
ఎప్పటిదో ఫైలు సర్దాలనో.
ఆ రెప్పపాటులో మోటారు ఒక అడుగు తడబడుతుంది.
అడుగంటే వెంట్రుకలో సగం.
మన కంటికి ఆనదు, చెక్కకు ఆనుతుంది.

ట్రాలీబస్సు నడిపే బొహుమీల్
డ్యూటీ దిగి, టోపీ మీద మంచుతోనే వచ్చాడు.
"తీగ మీంచి కొమ్ము జారిందంటే
నాకు క్షణంలో తెలుస్తుంది.
బస్సు నీరసించిపోతుంది.
దిగి, తాడు లాగి, మళ్ళీ తగిలిస్తాను.
నీ మోటారు జారితే దీనికెలా తెలుస్తుంది?"

తెలియదు, అన్నాను.
వంద అడుగులు వెయ్యమంటుంది.
వేసిందనుకుంటుంది. అంతే.

"అచ్చం మా డిపో మేనేజరు," అన్నాడు,
నా టీలో మూడో చెంచా చక్కెర తనే వేసుకుంటూ.

మూడో బోర్డుకు ఆ జబ్బు లేదట.
నాలుగు ఇరుసులు. పైగా ప్రతి మోటారుకూ
తిరిగి జవాబు చెప్పే తీగ.
ధర చూసి కాగితం మడిచి జేబులో పెట్టాను.
పన్నెండు జతల కొయ్యపాదాల కూలి అది.
మూడు వారాలు మడతలు విప్పుతూ, మళ్ళీ వేస్తూ,
చివరికి ధర దగ్గరే కాగితం చిరిగింది.

అప్పుడు జోఫియే వచ్చింది.
తొమ్మిదేళ్ళది. ఎడమ పాదం
పద్నాలుగు మిల్లీమీటర్లు పొట్టి.
కొట్టు బూటులో న్యూస్‌పేపరు కుక్కుకుని నడుస్తుంది,
నడిచినప్పుడల్లా వార్తలు నలిగిన చప్పుడు.
"మీ మిషను తప్పు చేస్తే?" అంది.
"ఆగిపోతుంది," అన్నాను.

నోరు జారాను.
ఆ సాయంత్రమే డబ్బు కట్టాను.

బోర్డు వచ్చింది, పని మొదలెట్టింది,
మొదలెట్టగానే ఆగింది.
కోతమోటారు తిరిగితే చాలు
అంచు స్విచ్చులు ఉలిక్కిపడేవి,
ఎవరూ తాకకుండానే.
ఏడుసార్లు తిట్టాను, చెక్ భాషలో ఉన్నవన్నీ అయ్యేదాకా.
వలతొడుగు ఉన్న తీగలు వేశాను,
తొడుగును ఒక్క కొసనే భూమికి కలిపాను.
అప్పుడు కుదుటపడింది.

రాత్రి పదకొండుకి కత్తి తీసేసి, గ్లవ్వు తొడుక్కుని,
తిరిగే చెక్కను కావాలని గట్టిగా పట్టుకున్నాను.
ఎర్రదీపం వెలిగింది. ఆగింది.
నన్ను అడ్డుకున్నారు, అన్నట్టు.
ఆగిపోయిన మిషను ముందు
ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టాను.

మొదటి కొయ్యపాదం నున్నగా వచ్చింది.
బూటు మాత్రం బిగిసింది.
తప్పు బోర్డుది కాదు. కొలత నాది.
ఆ రోజు పిల్లకు జ్వరం, కూర్చోబెట్టే కొలిచాను.
బరువు మోసే పాదం వెడల్పవుతుంది,
ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలిసిన సంగతే.

టేపు తీశాను.
"లేచి నిలబడమ్మా," అన్నాను.