ఏ కొక్కేనికి

మంగళవారం, శుక్రవారం నా పని.
వెహ్బీ బే మేడగదిలో నూట పద్నాలుగు తక్కెడలు.
ఒక్కటీ ఇప్పుడు దేన్నీ తూచదు.
ఇజ్మీర్ రేవు తేమంతా ఇత్తడి మీదే వాలుతుంది,
నిమ్మచెక్కతో చిలుము వదిలిస్తాను.
సర్కారు ముద్రల మీద మాత్రం రుద్దకూడదు,
అవి అరిగితే ధర పోతుందట.

గాజుపెట్టెలోది మందులకొట్టు వాడిది.
దాని తలుపు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నాడు, మొదటిరోజే.
చాదస్తం అనుకున్నాను, బిగబట్టలేదు.
ఉల్లిపాయ తిన్న నా ఊపిరికి
ముల్లు రెండు గీతలు పక్కకి జరిగి
చాలాసేపు ఆలోచించి వెనక్కొచ్చింది.

కంసాలి డబ్బాలో తూనికరాళ్ళ బదులు
కరోబు గింజలుంటాయి.
ఏ చెట్టుదైనా గింజ బరువు ఒక్కటేనని
వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.
ఆయన కాఫీకి దిగినప్పుడు తూచి చూశాను.
ఒక్కటి కాదు.
చెప్పలేదు. నన్ను పెట్టుకున్నది తుడవడానికి కదా.

దూది బేళ్ళు మోసిన కాటా ఒకటి దూలానికి వేలాడుతుంది,
నా కొడుకంత పొడుగు.
దాని మీద ఒక్కాల గీతలు, కిలోలు రాకముందువి.
వాటిని చదవడం ఆయనకీ సగమే వచ్చు.

అన్నిటికంటే ముందు, గుమ్మానికెదురుగా,
తిరే సంతలో గోనెసంచిలో దొరికిన కిరాణా తక్కెడ.
కోల ఒకచోట, సిబ్బులు ఒకచోట,
గొలుసులు జడలు కట్టి.
ఒక సిబ్బి అడుగున బిళ్ళంత సీసం, కీలుతో అతికించింది.
ఖాళీగా ఉన్నా అటే మొగ్గుతుంది.
‘దొంగ తక్కెడ’ అని చీటీ రాసి పెట్టాడు.
వచ్చినవాళ్ళు వంగి వంగి దాన్నే చూస్తారు.
పట్టుబడ్డ మోసం ఎవరికైనా ముద్దే.

ఒక శుక్రవారం మెలాహత్ హానిమ్ వచ్చింది.
తొంభై దాటిన మనిషి, మెట్టుకో దుఆ చదువుకుంటూ ఎక్కింది.
కోల మీద మిగిలిన నీలం పెచ్చు చూసి
హాలిత్‌ది కదూ, అంది.
రొట్టెకి కార్డులిచ్చిన ఏళ్ళలో
హాలిత్ ఆ సీసం సిబ్బిలోనే రాళ్ళు వేసేవాడట.
వాళ్ళమ్మ తెచ్చిన శనగలు
ఇంట్లో కొలిస్తే పిడికెడు ఎక్కువుండేవట.
ఆ చీటీ తీసెయ్యి నాయనా, ఉసురు తగుల్తుంది.

మర్నాటికే మంగలి సెఫెర్ కొట్లో మాట తేలింది.
పుణ్యమా?
ఆ బిళ్ళ మీదే కదా హాలిత్ రెండంతస్తులు లేపింది!
మా నాయన బతికుంటే చెప్పేవాడు,
ఆయన సంచిలో ఎంత తగ్గిందో.

చిక్కేమిటంటే, సిబ్బులు ఊడొస్తాయి.
ఇటు కొక్కేనికి తగిలిస్తే దండీ కొట్టడం,
అటు తగిలిస్తే దానం.
గోనెసంచిలో పడ్డ రోజే సాక్ష్యం పోయింది.
రెండు కొక్కేలూ ఒకేలా అరిగాయి.
భూతద్దంతో చూశాడు, గోటితో తడిమాడు,
వారం రోజులు భార్య పిలిచినా భోజనానికి దిగలేదు.
చివరికి నన్నడిగాడు:
గుల్‌తెర్, వీటి మీద ఎక్కువ తిరిగేది నీ చేతులే.
ఏ వైపు?

కొక్కెం మార్చడానికి ఎంతసేపు, అన్నాను.
గుమ్మంలోకొచ్చిన మొహాన్ని బట్టి
పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు.
మీ ముసలావిడా మంగలీ
ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు.

ఆయన మాట్లాడలేదు.
కప్పల్ని తూచమంటే కూర్చున్నవాడిలా
ముల్లునే చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు దాని ముందు చీటీ ఉంది, రాత లేదు.
తుడిచాక సిబ్బులు మళ్ళీ తగిలిస్తాను,
చేతికేది ముందొస్తే అది.
ఎటు తగిలించావని ఆయన అడగడు.

శుక్రవారం నా కూలి.
వేలు తడుపుకుని నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు,
మెట్ల మలుపులో నేనూ లెక్కపెట్టుకుంటాను.
మొన్న యాభై లీరాలు ఎక్కువొచ్చాయి.
చాలాసేపు అక్కడే ఉన్నాను,
ఒక కాలు పై మెట్టు మీద,
ఒకటి కింద.