గంటల పుస్తకం

ఇల్లు కట్టి చూడమంటారు.
మేం ముప్పై రెండు కట్టి చూశాం,
ఏది ఎవరిదో తెలియకుండా.

మోంటెవీడియోలో, సెర్రో కొండ కింద,
మూతబడ్డ ఉన్ని గోదాము స్థలం.
తొమ్మిదేళ్లు అర్జీలు పెట్టాం.
మొదట కార్లు నిలపడానికన్నారు, తర్వాత దేనికీ కాదన్నారు,
చివరికి ఒక గుమాస్తా జలుబుతో ముక్కు చీదుకుంటూ
ముద్ర గుద్ది కాగితం చేతిలో పెట్టాడు.
పునాది తవ్వితే గొర్రె బొచ్చు వాసన.
ఇప్పటికీ వానొస్తే వస్తుంది.

ఇంటికి వారానికి ఇరవై ఒక్క గంట ఒళ్లు వంచాలి.
గోడలన్నీ లేచి, కప్పులు పడి, కుళాయిలు తిరిగాకే
చీటీలు.
అప్పటిదాకా ఏ గడపా ఎవరిదీ కాదు.
తన గోడని తెలిస్తే సిమెంటు ఓ పాలు ఎక్కువ పడుతుందని
ఈ పద్ధతి పెట్టినవాళ్లకి తెలుసు.
మనిషి చెయ్యి మీద వాళ్లకి భ్రమల్లేవు.

గంటలు రాసే పని నాది.
బళ్లో వంటమనిషిని, పేరు నీబియా,
లెక్కలో గట్టిదాన్నని ఎన్నుకున్నారు.
నీలం అట్ట పుస్తకం, దారం కట్టిన పెన్సిలు.
మాతె టీ చుట్టూ చేరి కబుర్లాడిన అరగంటలు కోశాను.
దార్దో నన్ను గడియారమనేవాడు, మొహం మీదే.
సొంత చెల్లెలికి మూడు గంటలు బాకీ రాస్తే
ఆ ఆదివారం అది మా ఇంట్లో ముద్ద ముట్టలేదు.

అయినా ఆ పుస్తకంలో ఒక అబద్ధం ఉంది.

వీల్మర్ రాత్రి బస్సు నడిపేవాడు.
రెండో చలికాలం, నది మీంచి గాలి
ఎముకల్లో మేకులు దిగ్గొట్టే రోజులు.
డిపో నుంచి నేరుగా వచ్చి
తాపీ చేత్తో పట్టుకునే
సిమెంటు బస్తాల మీద నిద్రపోయేవాడు.
ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు ఎల్సీరా.
తల్లి ఏమైందో ఎవరం అడగలేదు.
మొదటిరోజు లేపుదామనే వెళ్లాను.
గడ్డం నిండా సున్నం. నోరు తెరుచుకుని ఉన్నాడు.
పెన్సిలు నాలుక మీద తడిచేసి
నాలుగు గంటలు, ఇటుకపని, అని రాశాను.
మర్నాడు మూడు.
మొత్తం నూట పన్నెండు.

రాసిన ఇటుకలు ఎవరో ఒకరు పేర్చాలి గదా.
చీకటిపడ్డాక, టార్చి పళ్ల మధ్య కరిచి,
గరిటె తిప్పే చేతుల్తో పేర్చాను.
పదిహేడో నంబరు స్నానాలగది, తూర్పు గోడ.
ఏడో వరస దగ్గర దారం జారింది.
చూశాను. కాళ్లు లాగుతున్నాయి. వదిలేశాను.

తనిఖీలో జుల్మా ఒక పేజీ దగ్గర ఆగింది.
"ఆ వారం ఇటుకల లారీ రాలేదే."
"రాలేదా?"
కళ్లజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది,
సంతకం చేసింది.
మూసిన పుస్తకం మీద కెటిల్ పెట్టింది.
ఆ గుండ్రటి మచ్చ ఇంకా ఉంది.

చీటీలకి ఫుట్‌బాల్ క్లబ్బు బింగో డబ్బా అరువు తెచ్చాం.
ఎల్సీరా చెయ్యి పెట్టి నాలుగు తీసింది,
ఉత్తరపు ఎండ పడే ఇల్లు.
నాకు ఇరవై తొమ్మిది. మెట్లెక్కువ, ఓడరేవు కనిపిస్తుంది.
దార్దోకి పదిహేడు.

వారం తిరక్కుండా వచ్చాడు, చేతిలో తూకం గుండు.
"ఆ తూర్పు గోడ ఎవరిదో చూడు గడియారం."
తాడు విప్పి చూసి చదివాను. ఇంకేం చదవను?
వీల్మర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.
"అవును కాబోలు. ఆ చలికాలం నాకేం గుర్తులేదు."

శనివారం పొద్దున్నే ఉలితో వచ్చాడు,
ఏడో వరస నుంచి పైకి విప్పడం మొదలెట్టాడు.
నేను మాలు కలిపాను.
ఎల్సీరా ఇటుకలు గీకి శుభ్రం చేస్తోంది,
దార్దో గుమ్మంలో నిలబడి మాతె పోస్తున్నాడు.
చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా
వీల్మర్ వెనక్కి తిరక్కుండానే
"ఇంకొంచెం నీళ్లు" అన్నాడు.